రాకపోతే తిట్టండి

"మీకెందుకండీ శ్రమ, కూర్చోండి."

ఈ మాట నాకు ఊహ తెలిసినప్పట్నుంచీ వింటున్నాను. పెళ్ళిళ్ళలో విన్నాను, బడిలో విన్నాను, గుళ్ళో ప్రసాదం పంచే చోట విన్నాను. అన్నవాళ్ళలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. కుర్చీ తెచ్చి, పైటచెంగుతో దుమ్ము దులిపి మరీ అంటారు. మొన్న శ్రీకాకుళంలో ఒక రక్తదాన శిబిరంలో మళ్ళీ విన్నాక, ఇక దీని సంగతేదో రాసేస్తే గానీ నిద్రపట్టదనిపించింది.

నా కుడికాలికి పోలియో. కాలిపర్, అంటే కాలికి బిగించే ఇనప ఊత, వేసుకుని నడుస్తాను. దూరాలకి సైడు చక్రాలు బిగించిన స్కూటీ ఉంది. ఏడు రోడ్ల జంక్షన్‌కి కాస్త అవతల జిరాక్సు తీస్తూ, ఆన్‌లైన్ ఫారాలు నింపిపెట్టే చిన్న కొట్టు నాది. ఆ ఆదివారం కొట్టు మూసేసి శిబిరానికి వెళ్ళాను. బరువు 53 కిలోలు. అంతకు ముందు నెలలో చేయించుకున్న పరీక్షలో హిమోగ్లోబిన్ 12.9. ఆ కాగితం చేతిలోనే ఉంది. బల్ల దగ్గరున్న కుర్రాడు కాగితం చూడలేదు, కాలు చూశాడు. "ఇవ్వాలనుకున్నారు మేడమ్, అదే గొప్ప" అన్నాడు. పోనీ పేర్లు రాస్తాను, నా పనే అది, అన్నాను. వద్దన్నాడు. బిస్కెట్లూ జూసూ అందిస్తానన్నాను. అప్పుడొచ్చింది ఆ మాట. ముందు వరసలో అతిథుల పక్కన కుర్చీ వేశారు. గంటన్నర కూర్చున్నాను. మధ్యలో ఎవరో నాకే జూసు డబ్బా తెచ్చిచ్చారు. ఆ రోజు రక్తం ఇవ్వకుండా జూసు తాగినవాళ్ళం ఇద్దరమే, నేనూ ముఖ్య అతిథిగారూ.

ఇంటికొచ్చి నిబంధనలు తీసి చదివాను. జాతీయ రక్తమార్పిడి మండలి 2017లో దాతల ఎంపికకి ఇచ్చిన మార్గదర్శకాలవి. వయసు 18 నుంచి 65. బరువు కనీసం 45 కిలోలు. హిమోగ్లోబిన్ 12.5కి తగ్గకూడదు. వైకల్యం ఉన్నవాళ్ళ గురించి విడిగా ఒక మాట కూడా ఉంది. చూపు, మాట ఇబ్బంది ఉన్నవాళ్ళతో సహా అందరూ ఇవ్వొచ్చు, జరిగేదేంటో అర్థమై, తమంతట తాము ఒప్పుకుంటే చాలు. అంటే నన్ను ఆపింది నిబంధన కాదు, ఆ కుర్రాడి మంచితనం. మంచితనం మీద ఫిర్యాదు ఎక్కడ రాసిస్తాం?

ఆ గంటన్నరలో నన్ను తొలిచింది మాత్రం రక్తం సంగతి కాదు. అక్కడ కాలేజీ పిల్లలు పదిహేను మంది దాకా పసుపు టీషర్టులు వేసుకుని తిరుగుతున్నారు. నిర్వాహకుడు వాళ్ళమీద అరుస్తూనే ఉన్నాడు. "ఆ మంచం దగ్గర ఎవడ్రా?" "నీళ్ళ సీసాలు ఎక్కడ పెట్టేరు?" "ఫోన్ పక్కన పెట్టవే!" ఆ అరుపులు వింటూ, నమ్ముతారో లేదో, వాళ్ళని చూసి అసూయపడ్డాను.

వాలంటీరంటే మన దగ్గర

"రక్తమిచ్చి, కాసేపు వాలంటీరుగా పనిచేసి వస్తానమ్మా" అని ఆ పొద్దున్న చెబితే మా అమ్మ, "ఆల్ని తీసేసేరు కదే, మళ్ళీ ఎట్టేరేటి?" అంది. తప్పు ఆవిడది కాదు. 2019 ఆగస్టు 15 నుంచి మన ఆంధ్రప్రదేశ్‌లో ఆ మాటకి ఒకటే అర్థం, ప్రభుత్వం పెట్టిన వాలంటీరు. యాభై ఇళ్ళకి ఒకరు, నెలకి అయిదు వేల గౌరవ వేతనం, ఒకటో తారీఖున తెల్లారకుండానే తలుపు కొట్టి పింఛను చేతిలో పెట్టే మనిషి. ఇప్పుడు ఆ పని సచివాలయం సిబ్బంది చేస్తున్నారు. ఆ పద్ధతి మంచిదా చెడ్డదా అన్న గొడవ నాకొద్దు. ఇంటికొచ్చి పింఛనివ్వడం వల్ల మంచం మీదున్నవాళ్ళు ఎంత తెరిపిన పడ్డారో నా కళ్ళతో చూశాను.

అయితే ఆ అయిదేళ్ళలో ఒక బొమ్మ అందరి మనసుల్లో గట్టిగా పడిపోయింది. గుమ్మానికి అవతల నిలబడి ఇచ్చేవాడు వాలంటీరు. ఇవతల కూర్చుని వేలిముద్ర వేసేది మేము. గుమ్మం దాటి అటువైపు మేమూ నిలబడొచ్చన్న ఊహ అప్పటికే తక్కువ, ఆ తర్వాత బొత్తిగా పోయింది.

ప్రభుత్వ కాగితాల మీద నేను మొదట వికలాంగురాలిని. తర్వాత దివ్యాంగురాలినయ్యాను, విభిన్న ప్రతిభావంతురాలిని కూడా అయ్యాను. పేరు పొడుగైన కొద్దీ కుర్చీ మెత్తనైంది. పని మాత్రం ఎవరూ చెప్పలేదు.

చాక్‌పీసు గుర్తు

ఎవరూ చెప్పలేదనడం అన్యాయం. ఒకావిడ చెప్పింది.

2003లో నాకు ఇరవై నాలుగేళ్ళు. డిగ్రీ అయింది, ఉద్యోగం లేదు. నరసన్నపేట దగ్గర మా ఊళ్ళో పిల్లలకి చుక్కలు వేసే పల్స్ పోలియో ఆదివారం వచ్చింది. ఆ కార్యక్రమం దేశంలో 1995లో మొదలైంది. నాకు పోలియో వచ్చిన చాలా ఏళ్ళకన్నమాట. బడి వరండాలో బల్ల వేసి ఏఎన్ఎమ్ (ఊరి నర్సమ్మ), అంగన్‌వాడీ టీచరు కూర్చున్నారు. ఏఎన్ఎమ్ నన్ను పిలిపించింది. ఎందుకో తెలుసా? కొందరు తల్లులు పిల్లల్ని తేవడానికి మొరాయిస్తున్నారు. "నువ్వు ముందు కూకో అమ్మా, ఆలకి నీ కాలు కనపడాలి" అంది మొహమాటం లేకుండా.

అంటే నేను పోస్టర్ని. పోస్టరుకి జీతమూ లేదు, పనీ లేదు, గోడ మీద ఉంటే చాలు. కూర్చున్నాను. తల్లులు నా కాలు చూసి, పిల్లాణ్ణి దగ్గరకి హత్తుకుని, నోరు తెరిపించారు. అది పనిచేసిందనే చెప్పాలి. ఒంట్లో ఏదో ముడుచుకుపోయినట్టుంది గానీ, పనిచేసింది.

పదిన్నరకి అంగన్‌వాడీ టీచరు పసిబిడ్డ ఏడవడంతో ఇంటికెళ్ళింది. ఏఎన్ఎమ్ ఒక్కర్తే అయిపోయింది. మార్కరు నా చేతికిచ్చి "ఎడం చెయ్యి చిటికెన వేలు, గోరు మీదా చర్మం మీదా పడాలి" అంది. ఆ తర్వాత లెక్కల కాగితం కూడా ఇచ్చింది. సీసాకి ఇరవై మోతాదులు. సీసా మీద చిన్న గుండ్రం, దాని లోపల ఒక చదరం ఉంటాయి. లోపలి చదరం బయటి గుండ్రం రంగుకి వచ్చిందంటే మందు వేడికి పాడైనట్టు, అవతల పెట్టెయ్యాలి. నేను ప్రతి సీసానీ వెలుగుకి పెట్టి చూసి ఆవిడకిచ్చేదాన్ని. సాయంత్రానికి నా కాలు సంగతి నేనే మరిచిపోయాను.

అసలు కథ మర్నాటిది. సోమవారం నుంచి ఇంటింటికీ తిరగాలి. అయిదేళ్ళలోపు పిల్లలందరికీ పడ్డ ఇంటి తలుపు మీద చాక్‌పీసుతో 'పి' అని రాస్తారు. ఎవరైనా మిగిలినా, ఇల్లు తాళం వేసున్నా 'ఎక్స్' గుర్తు. ఎక్స్ పెట్టిన ఇంటికి మళ్ళీ వెళ్ళాలి. బడి వెనక రెండు వీధులు నాకిమ్మని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం నా కాలిపర్ వైపు చూసి, "ఎండెక్కకముందే అయిపోవాల" అని చాక్‌పీసులిచ్చేసింది.

నడిచాను. ఒక ఇంట్లో ఇద్దరు పిల్లల వేళ్ళ మీద గుర్తు చూసి 'పి' రాసి వచ్చేశాను. మూడోవాడు అవతలి వీధిలో అమ్మమ్మ దగ్గరున్నాడు. నేనడగలేదు. మధ్యాహ్నం ఏఎన్ఎమ్ తనిఖీకి వచ్చినప్పుడు వాడు దొరికాడు, వేలు తెల్లగా ఉంది. ఆవిడ వీధిలోనే, నలుగురి ముందూ పట్టుకుంది నన్ను.

"ఏటమ్మా, సదువుకున్నదానివి! ఎంతమంది పిల్లలని అడగవా? గుంటడు మిగిలిపోనాడు. నీలాగైపోతే ఎవుల్ది తప్పు?"

నీలాగైపోతే! ఆ మాట ఇవాళ ఎవరైనా అంటే ఊరుకుంటామా? చట్టం చూపిస్తాం. నేనూ ఆ రాత్రి బాగా ఏడ్చాను. ఎందుకేడ్చానో తేల్చుకోడానికి మాత్రం చాలా ఏళ్ళు పట్టింది. అన్నేళ్ళ బతుకులో నా తప్పుని తప్పుగా లెక్కపెట్టిన మొదటి మనిషి ఆవిడ. బడిలో లెక్క తప్పు చేస్తే మాస్టారు పక్క పిల్లని బెత్తంతో కొట్టి నన్ను వదిలేసేవారు. ఇంట్లో అన్నం మాడితే చెల్లికి చీవాట్లు, నాకు "పర్లేదులే". నా చేతిలోని పని పాడైతే లోకానికి ఏదో నష్టం జరుగుతుందని ఎవరూ అనుకోలేదు, ఆవిడ తప్ప. మర్నాడు ఏడింటికే వెళ్ళి ఆ రెండు వీధులూ మళ్ళీ తిరిగాను. అడిగిన ఇంట్లోనే రెండుసార్లు అడిగాను.

దేశంలో పోలియో ఆఖరి కేసు 2011 జనవరి 13న పశ్చిమ బెంగాల్లోని హౌరాలో నమోదైంది. 2014 మార్చి 27న మన దేశం పోలియో లేని దేశాల్లో చేరింది. ఆ వార్త టీవీలో వచ్చినప్పుడు నేను కొట్లో ఎవరిదో ఆదాయ ధ్రువపత్రం ఫారం నింపుతున్నాను. పెన్ను పక్కన పెట్టి కాసేపు చూశాను. నా రెండు వీధులు కూడా అందులో ఉన్నాయి కదా అనుకున్నాను.

అరుగు మీద మావయ్య

మా అమ్మమ్మగారి ఊరు ఉద్దానంలో, వజ్రపుకొత్తూరు వైపు. చినమావయ్య కొబ్బరిచెట్టు మీంచి పడ్డాడు. నడుం కింద స్పర్శ లేదు. ఆ ప్రాంతంలో ఈ కథ ప్రతి నాలుగైదు ఊళ్ళకీ ఒకటి దొరుకుతుంది. పొద్దున్నే తెచ్చి అరుగు మీద కూర్చోబెడితే దీపాలవేళ దాకా అక్కడే.

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. తెల్లారేసరికి కొబ్బరి, జీడి, పనస అని తేడా లేకుండా నేలమట్టం. దారులన్నీ చెట్లకింద ఉన్నాయి. రోజుల తరబడి కరెంటు లేదు. ఫోను చార్జింగుకి జనరేటరు దగ్గర డబ్బులు పుచ్చుకునేవాళ్ళు. నాలుగో రోజుకి నేను వెళ్ళేసరికి బియ్యం, నీళ్ళ డబ్బాలతో ఒక వ్యాను వచ్చి ఉంది. దాంతో వచ్చిన కుర్రాళ్ళకి ఊరు తెలీదు. ఎవరు గట్టిగా అరిస్తే వాళ్ళకి ఇస్తున్నారు.

మావయ్య అరుగు మీంచి ఒకణ్ణి పిలిచాడు. "బాబూ, ఇలా రా. ఆ మూలింట్లో ముసల్ది ఒకర్తే ఉంది, సెవుడు, నువ్వు పిలిస్తే పలకదు. ఎనక దోవనెల్లు. ముందు మాత్రం ఆ రేకులింటికెల్లు, ఆడికి పలాసలో డయాలసిస్సు, రేపు తప్పదు, ఆడికి బియ్యం కాదు, బండి కావాల." కుర్రాడు చేత్తో అట్టముక్క పట్టుకుని రాసుకోవడం మొదలెట్టాడు. ఎవరింట్లో బాలింత, ఎవరింట్లో పాలు తాగే పిల్లలు, ఎవరు ఊళ్ళో లేరు, ఎవరు ఇప్పటికే రెండుసార్లు పట్టుకెళ్ళారు. అన్నీ మావయ్య నోటి చివరే ఉన్నాయి. ఏళ్ళ తరబడి కదలకుండా ఒక్కచోట కూర్చున్నవాడు ఊరందరి రాకపోకలూ చూశాడు మరి. ఊళ్ళోకి సర్వే కోసం వచ్చినవాళ్ళెవరూ ఆయన్ని ఏనాడూ ఏమీ అడగలేదు. ఇంట్లో వికలాంగులెంతమంది అన్న గడిలో ఒకటి అని వేసుకుని వెళ్ళిపోయారు.

2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎనిమిదో సెక్షను విపత్తుల గురించి చెబుతుంది. జిల్లా విపత్తు నిర్వహణ సంస్థ జిల్లాలోని వికలాంగుల వివరాల జాబితా ఉంచాలి, ప్రమాదం వస్తోందంటే వాళ్ళకి ముందుగా తెలియజెయ్యాలి. చాలా అవసరమైన సెక్షను. ఇరవైయొక్క రకాల వైకల్యాలని గుర్తించిన చట్టం, తుపానుకొకసారి వణికే మన తీరానికి ఇంకా అవసరం. కానీ ఆ జాబితా రక్షించాల్సినవాళ్ళ జాబితా. ఎవరిని ఎక్కడ వెతకాలో చెప్పగలవాళ్ళ జాబితా ఒకటి ఉంటే, మావయ్య పేరు రెండిట్లోనూ ఉండాలి.

ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. పంపకాల మూడో రోజు మావయ్య తన మేనల్లుడి ఇంటికి రెండు బస్తాలు ఎక్కువ ఇప్పించాడు. గొడవైంది. ఆ వ్యాను కుర్రాడు వచ్చి అరుగు ముందు నిలబడి దులిపేశాడు. మావయ్య తలొంచుకుని విన్నాడు. మా అత్త మాత్రం "కదల్లేని మనిషిని పట్టుకుని అలా అంటావేటి" అని ఆ కుర్రాడి మీదికెళ్ళింది. మావయ్యే ఆవిణ్ణి ఆపాడు: "నువ్వూరుకో, ఆడన్నది రైటే."

ఎదురొచ్చే మాటలు

ఇది ఎవరితో అన్నా నాలుగు అభ్యంతరాలు వస్తాయి. కొన్ని నాకు మింగుడుపడనివి.

మొదటిది డిగ్రీ, బీఈడీ చేసి టీచరు ఉద్యోగాల పరీక్ష డీఎస్సీకి చదువుతున్న కుర్రాడిది. రెండు కళ్ళూ కనపడవు. మా కొట్టుకి హాల్‌టికెట్ల కోసం వస్తాడు. "అక్కా, జీతమున్న పనికైతే పర్సంటేజీ ఎంత, సర్టిఫికెట్ ఏదీ అంటారు. ఊరికే చేసే పనికి మాత్రం మేం సరిపోతామా?" అన్నాడు. చట్టం ప్రభుత్వోద్యోగాల్లో నాలుగు శాతం ఇస్తానంది. ఆ నాలుగు శాతం కోసం యవ్వనమంతా కరిగించుకుంటున్నవాణ్ణి పట్టుకుని "సేవ చెయ్యి, తృప్తిగా ఉంటుంది" అనే ధైర్యం నాకు లేదు. వాడన్నదాంట్లో సగం నిజం. ఉద్యోగానికి బదులుగా సేవని చూపించేవాణ్ణి నమ్మకూడదు. కనీసం రానూపోనూ ఆటో ఖర్చు ఇవ్వకుండా "రండి" అనడం కూడా మోసమే. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితమైంది, సంతోషం. కానీ పల్లెవెలుగు మొదటి మెట్టు నా మోకాలిని దాటి ఉంటుంది. టికెట్టు లేకపోయినా నాకు ఆ మెట్టు ఉచితం కాదు.

మిగతా సగం దగ్గర వాడితో నాకు పేచీ ఉంది. ఉద్యోగం వచ్చేదాకా మనిషి ఎవరికీ అక్కరకు రాకుండా ఉండిపోవాలా? నాకు ఆ ఖాళీ ఏళ్ళు గుర్తే. జీతం లేకపోవడం ఒక బాధ. పొద్దున్న లేచాక ఎవరూ నాకోసం ఎదురుచూడరన్నది దానికన్నా పెద్ద బాధ. వాడితో ఇది అన్నాను. "మీకు కొట్టుంది కాబట్టి చెబుతున్నారు" అన్నాడు. జవాబివ్వలేకపోయాను.

రెండోది భయం. 2024 జులైలో వికలాంగుల పింఛను మూడు వేల నుంచి ఆరు వేలయింది. పూర్తిగా మంచానికే పరిమితమైనవాళ్ళకి పదిహేను వేలు. 2025లో సర్టిఫికెట్లన్నీ మళ్ళీ పరీక్షించడం మొదలుపెట్టారు. నలభై శాతం వైకల్యం లేకపోతే పింఛను లేదు. అప్పట్నుంచి మా వీధిలో మా లాంటివాళ్ళు నలుగురు కలిసినప్పుడు నవ్వడానికి కూడా భయపడుతున్నారు. చెరువుగట్టు మీద మొక్కలు నాటే రోజున ఒకావిడ వచ్చింది, చక్కగా పాదులు తీసింది, ఫొటో అనగానే చీరకొంగు మొహం మీదికి లాక్కుంది. "ఇంత పని చేస్తోంది, దీనికి పింఛనేటి అంటారమ్మా" అంది. శాతం కొలిచేది ఒంట్లో ఉన్న లోపాన్ని, చేసే పనిని కాదు, డాక్టర్లు చూసేది కాలూ కన్నూ, పలుగూ పారా కాదు అని చెప్పాను. విని తల ఊపింది. కొంగు మాత్రం తియ్యలేదు. ఆవిడ భయం తప్పని నేనెలా అనను? ఆ రోజు నుంచి నేను ఫొటోలు తియ్యడం మానేశాను.

మూడోది నా స్నేహితురాలిది. విజయనగరంలో ఉంటుంది, వీల్‌ఛెయిర్. నేనీ ఉపన్యాసం దంచుతుంటే ఓపిగ్గా విని, "నాకు లేచి స్నానం చేసి కుర్చీలోకి రావడానికి రెండుగంటలు పడుతుందే. అప్పటికే ఒక రోజు డ్యూటీ అయిపోయినట్టు ఉంటుంది. ఇంకా ఊరి సేవ కూడా చెయ్యాలా?" అంది. అక్కర్లేదు. చెయ్యనని చెప్పే హక్కు ఆమెకుంది. పనికొస్తేనే మనిషి అనేంత మూర్ఖత్వం నాకు లేదు. నేనంటున్నది వస్తానని వచ్చినవాళ్ళ గురించి.

నాలుగోది నిర్వాహకులది. "సాయానికి వచ్చినవాళ్ళకి సాయం చెయ్యడానికి ఇంకో మనిషి కావాలి కదండీ." మర్యాదగా అంటారు గానీ అసలు అడ్డంకి ఇదే. దీన్ని తీసిపారెయ్యలేను, ఎందుకంటే నేనొకసారి అలాగే చేశాను. ఒక అన్నదానంలో సాంబారు బకెట్టు నేనే మోస్తానని పంతం పట్టాను. మూడో పంక్తిలో కాలిపర్ జారింది. సాంబారంతా ఒక ముసలాయన పంచె మీద. అదృష్టం, చల్లారిపోయి ఉంది. నేను తగిన పని అడగాల్సింది, పంతం అడిగాను. ఆకులు వెయ్యడమో, పంక్తికి ఎంతమందో లెక్కపెట్టడమో చేసి ఉంటే ఆ పంచె బతికేది. అయినా ఆ ముసలాయన కూడా "పర్లేదమ్మా" అన్నాడు చూడండి, ఒళ్ళు మండిపోయింది.

మూడు లాంతర్ల దగ్గర

మా చెల్లెల్ని విజయనగరం ఇచ్చాం. దసరా వెళ్ళిన మంగళవారం పైడితల్లమ్మవారి సిరిమానోత్సవానికి ప్రతి ఏడూ వెళ్తాను. మూడు లాంతర్ల దగ్గర చదురుగుడి నుంచి కోట దాకా సిరిమాను, అంటే కొసన పూజారిని కూర్చోబెట్టి ఊరేగించే పొడవాటి మాను, మూడుసార్లు తిరుగుతుంది. ఆ జనంలో ఫోన్లు పనిచెయ్యవు, పనిచేసినా వినపడవు.

ఒక ఏడాది మా మరిది స్నేహితులు మంచినీళ్ళ పందిరి వేశారు. వాళ్ళలో ఇద్దరు కుర్రాళ్ళకి వినపడదు. ఒకణ్ణి రోడ్డుకి అటుపక్క డ్రమ్ముల దగ్గర, ఇంకొకణ్ణి పందిట్లో పెట్టారు. మిగతా అందరూ గొంతులు చించుకుంటున్నారు, ఒకరి మాట ఒకరికి అందదు. వీళ్ళిద్దరూ జనం తలల మీదుగా చేతులెత్తి మాట్లాడుకుంటున్నారు. గ్లాసులు అయిపోయాయి. నీళ్ళు సగంలో ఉన్నాయి. ఎవరో ముసలామె సొమ్మసిల్లింది, దారివ్వండి. కాసేపటికి పందిరి నడిపే పెద్దాయన కూడా ఏదైనా కావాలంటే అరవడం మానేసి వీడి భుజం తట్టి చెయ్యి చూపించడం మొదలుపెట్టాడు.

ఇక్కడితో ఆపితే బాగానే ఉంటుంది. ఆపను. సిరిమాను రెండోసారి కోటవైపు వెళ్తుంటే డ్రమ్ముల దగ్గరి కుర్రాడు, వాడితో ఉన్న ఇంకొక వినపడే కుర్రాడు, ఇద్దరూ పని వదిలేసి వెనకాల పరిగెత్తారు. ముప్పావుగంట పత్తా లేరు. పందిట్లో నీళ్ళు నిండుకున్నాయి. తిరిగొచ్చాక పెద్దాయన వినపడేవాణ్ణి పట్టుకుని చెవి మెలేసి తిట్టాల్సినవన్నీ తిట్టాడు. రెండోవాడి వైపు తిరిగి నవ్వి, తల నిమిరి, "పోన్లే పాపం" అన్నట్టు చెయ్యి ఊపాడు.

ఆ కుర్రాడు అక్కణ్ణించి కదల్లేదు. చీవాట్లు తింటున్న స్నేహితుడి పక్కనే నిలబడి, పెద్దాయన మొహంలోకే చూస్తున్నాడు. తన వంతు వస్తుందని చూస్తున్నాడు. రాలేదు.

అదే ఊళ్ళో మహారాజా సంగీత కళాశాల ఉంది. చూపులేని ఒక అబ్బాయి సంగీతం నేర్చుకోవాలని విజయరామ గజపతిరాజు 1919లో దాన్ని పెట్టించారని చెప్పుకుంటారు. ఆదిభట్ల నారాయణదాసు మొదటి అధ్యక్షులు. వయొలిన్ చెప్పడానికి కుదిరిన ద్వారం వెంకటస్వామినాయుడుగారికి చూపు బాగా తక్కువ. ఆ అబ్బాయి కథ నాకిష్టమే గానీ, దానికన్నా ద్వారంవారి సంగతి ఎక్కువ ఇష్టం. పిల్లాడికి చోటు చూపించడం దయ వల్ల కూడా జరుగుతుంది. చూపు తక్కువ మనిషి చేతికి తరగతి అప్పగించాలంటే దయ చాలదు. తరగతి అంటే పిల్లలకి రాకపోతే జవాబు చెప్పుకోవాల్సిన బాధ్యత కదా. 1936లో ఆయన్నే ఆ కళాశాలకి అధ్యక్షుణ్ణి చేశారు.

శాలువాలు

డిసెంబరు 3 వస్తోంది. అంతర్జాతీయ వికలాంగుల దినం. ఎవరో ఒకరు పిలుస్తారు, వేదిక ఎక్కిస్తారు. ఎక్కించడానికి ఇద్దరు చెరో రెక్కా పట్టుకుంటారు, ర్యాంపు ఉండదు. శాలువా కప్పి "స్ఫూర్తి" అంటారు. నా దగ్గర పదకొండు శాలువాలున్నాయి. శ్రీకాకుళం చలికి పదకొండు శాలువాలు ఎందుకు?

శిబిరం మళ్ళీ

ఈ గొడవంతా ఆ రక్తదాన శిబిరం పెట్టిన నిర్వాహకుడికి ఫోన్ చేసి చెప్పాను, నిబంధనతో సహా. మంచివాడు, నొచ్చుకున్నాడు. తర్వాతి శిబిరానికి పేర్ల బల్ల నాకే ఇచ్చాడు. ఏడింటికల్లా రమ్మన్నాడు.

సరిగ్గా ఆ రోజే డే అండ్ నైట్ జంక్షన్ దాటాక సైడు చక్రం పంక్చరైంది. నేను చేరేసరికి ఏడు నలభై. బల్ల దగ్గర ఇరవై మంది నిలబడి ఉన్నారు. నిర్వాహకుడు ఎదురొచ్చి, "పర్లేదు మేడమ్, మీరొచ్చారు, అదే పదివేలు" అన్నాడు. నా ప్రాణం ఉసూరుమంది.

అప్పటిదాకా ఒక్కర్తే బల్ల దగ్గర నెట్టుకొస్తున్న డిగ్రీ పిల్ల తలెత్తింది. చెమటకి జుట్టంతా నుదుటికి అంటుకుపోయి ఉంది.

"ఎన్నిసార్లు ఫోన్ చెయ్యాలక్కా? ఏడన్నారా లేదా? ఈళ్ళందరూ నన్ను తినేస్తున్నారిక్కడ!"

"మేడమ్‌ని అలా అంటావేంటి" అని నిర్వాహకుడు ఏదో సర్దిచెప్పబోయాడు. నేను పంక్చరు సంగతి మొదలుపెట్టాను. ఆ పిల్ల ఇద్దరి మాటా వినలేదు. ఫారాల కట్ట తీసి నా చేతిలో కొట్టినట్టు పెట్టి, "ఆ వరస మీది" అని నీళ్ళు తాగడానికి వెళ్ళిపోయింది.